రోజుకు 180 లీటర్లు: కిడ్నీ ఏం వదులుతుంది, ఏం దాచుకుంటుంది

సంక్రాంతికి ముందు ఇంటికి వెల్ల వేసే రోజున పల్లెల్లో ఇంట్లో ఉన్నదంతా వాకిట్లోకి వచ్చేస్తుంది. మంచాలు, బియ్యం డబ్బాలు, అటక మీది ఇత్తడి బిందెలు, దేవుడి పటాలు, విరిగిన కుర్చీలు, అరిగిపోయిన చీపుళ్లు అన్నీ కలిసి ఒకే కుప్ప. సాయంత్రానికి కావలసినవన్నీ దులుపుకుని ఒక్కొక్కటే లోపలికి వెళ్తాయి. ఎవరూ లోపలికి తీసుకెళ్లనివి భోగి మంట పాలవుతాయి. ఇక్కడ చెత్త కోసం ఎవరూ వెతకరు. పనికొచ్చేవాటిని గుర్తుపట్టి లోపల పెట్టుకుంటే చాలు, మిగిలిందే చెత్త.

మన కిడ్నీలు చేసేది దాదాపు ఇదే పని. పెద్దవాళ్ల ఒంట్లో సుమారు ఐదు లీటర్ల రక్తం ఉంటే, కణాలు పోగా మిగిలే ద్రవం, అంటే ప్లాస్మా, మూడు లీటర్ల దాకా ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న రెండు కిడ్నీలు కలిసి నిమిషానికి 120 మిల్లీలీటర్లకు పైగా వడగడతాయి. రోజు మొత్తానికి లెక్కేస్తే 180 లీటర్లు. నీళ్ల ప్లాంటు నుంచి తెచ్చుకునే 20 లీటర్ల టిన్నులు తొమ్మిదన్నమాట. ఉన్న మూడు లీటర్ల ప్లాస్మానే రోజుకు 60 సార్లు బయటికి వెళ్లి వస్తే తప్ప ఈ లెక్క కుదరదు. మూత్రంగా పోయేది మాత్రం లీటరున్నర, మహా అయితే రెండు లీటర్లు. మిగతా 178 లీటర్లూ తిరిగి రక్తంలోకే వెళ్తాయి.

కిడ్నీని వడపోత యంత్రం అనడం మనకు అలవాటైపోయింది. ఆ పేరు దాని పనిలో చిన్న ముక్కనే చెబుతుంది. వడగట్టడం తేలిక, గుడ్డముక్క కూడా ఆ పని చేస్తుంది. వడగట్టినదాంట్లోంచి 99 శాతాన్ని లెక్క తప్పకుండా వెనక్కి తీసుకోవడమే అసలు కష్టం. కిడ్నీ జబ్బులు, వాటి మందులు, పరీక్షలు, డయాలసిస్ పరిమితులు ఈ ఒక్క విషయం పట్టుకుంటే చాలావరకు అర్థమవుతాయి.

దారపు ఉండ, దాని వెనక గొట్టం

కిడ్నీలు వెన్నెముకకు అటూ ఇటూ, చివరి పక్కటెముకల చాటున ఉంటాయి. కుడివైపు పైన కాలేయం కూర్చుని ఉంటుంది కాబట్టి ఆ వైపుది కాస్త కిందికి ఉంటుంది. ఒక్కోటి పిడికిలంత, బరువు సుమారు 150 గ్రాములు. రెండూ కలిపినా ఒంటి బరువులో అర శాతం కాదు. అయినా గుండె పంపే రక్తంలో ఐదో వంతు, నిమిషానికి లీటరుకు పైగా, వీటికే వెళ్తుంది. మెదడుకు కూడా అంత పోదు.

ఒక్కో కిడ్నీలో సగటున పది లక్షల నెఫ్రాన్లు. పుట్టేనాటికి ఎన్ని ఉంటే అన్నే, తర్వాత కొత్తవి పుట్టవు. ప్రతి నెఫ్రాన్‌కూ ముందు ఒక ముద్ద, వెనక ఒక గొట్టం. ఆ ముద్దకు మన పాఠ్యపుస్తకాల్లో రక్తకేశనాళికా గుచ్ఛం అని పెద్ద పేరు ఉంది గానీ, చూడ్డానికి చిన్న దారపు ఉండలా ఉంటుంది. వెంట్రుక కంటే సన్నని రక్తనాళాలు చుట్టచుట్టుకుని ఉంటాయి. దాని చుట్టూ గిన్నెలాంటి గుళిక. విలియం బౌమన్ 1842లో దీన్ని వివరంగా వర్ణించాడు, అందుకే దానికి ఆయన పేరు.

ఒంట్లో మిగతాచోట్ల సన్ననాళాల్లోకి ధమని నుంచి వచ్చిన రక్తం సిరలోకి పోతుంది. ఇక్కడ మాత్రం వచ్చే దారీ ధమనే, పోయే దారీ ధమనే. పోయే దారి కాస్త ఇరుకు. గొట్టం చివర వేలితో నొక్కితే లోపల ఒత్తిడి పెరిగినట్టు ఆ ఉండలో ఒత్తిడి పెరిగి, నీళ్లూ అందులో కరిగినవీ గోడల్లోంచి బయటికి చిమ్ముతాయి.

ఆ గోడకు మూడు పొరలు. లోపలి పొరకు కిటికీల్లాంటి రంధ్రాలు, మధ్యలో జిగురు వలలాంటి పొర, బయట వేళ్లలో వేళ్లు దూర్చినట్టు ఒకదాన్నొకటి పెనవేసుకున్న కణాలు. నీరు, ఉప్పు, చక్కెర, యూరియా సులువుగా దాటేస్తాయి. రక్తకణాలు, ఆల్బుమిన్ లాంటి పెద్ద ప్రొటీన్లు ఆగిపోతాయి. షుగర్, బీపీ ఏళ్ల తరబడి అదుపు తప్పితే ముందు దెబ్బతినేది ఈ గోడే. అప్పుడు ప్రొటీన్ జారిపోతుంది, మూత్రంలో నురుగు ఆగకుండా కనిపిస్తుంది. రక్తపరీక్షలో కిడ్నీ పనితీరు చూపే క్రియాటినిన్ ఇంకా మామూలుగా ఉన్నప్పుడే మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష ఈ సంగతి బయటపెడుతుంది. షుగర్ ఉన్నవాళ్లు ఏడాదికోసారి చేయించుకోవలసిన పరీక్ష అది. చేయించుకోకుండా చాలామంది వదిలేసేదీ అదే.

కిలోన్నర ఉప్పు

ఉండలోంచి గొట్టంలోకి దిగిన ద్రవంలో చెత్త పిసరంత, సొత్తు కొండంత. రోజుకు దాంతో పాటు దిగే ఉప్పే దాదాపు కిలోన్నర. చక్కెర 180 గ్రాముల దాకా ఉంటుంది. ఇవన్నీ మూత్రంలో పోతే మనిషి గంటల్లో కూలిపోతాడు.

అందుకే గొట్టం మొదటి మలుపులోనే పెద్ద వసూలు జరుగుతుంది. ఉప్పు, నీరు మూడింట రెండు వంతులు, చక్కెర, అమైనో ఆమ్లాలు దాదాపు మొత్తం అక్కడే రక్తంలోకి తిరిగి చేరతాయి. ఈ పని వట్టినే జరగదు. గొట్టం గోడలోని కణాలు సోడియాన్ని నిరంతరం రక్తం వైపు తోడుతూనే ఉండాలి, ఆ తోడుడుకు శక్తి కావాలి. చక్కెర ఆ సోడియం ప్రవాహాన్ని పట్టుకునే లోపలికి వస్తుంది. విరేచనాలప్పుడు ఓఆర్‌ఎస్‌లో ఉప్పూ చక్కెరా రెండూ కలపడానికి కారణం ఇలాంటి జోడీ ప్రవేశం పేగుల్లోనూ ఉండటమే.

ఈ వసూలుకు ఒక హద్దు ఉంది. రక్తంలో చక్కెర సుమారు 180 మిల్లీగ్రాములు దాటితే చక్కెరను లాగే ద్వారాలు చాలవు. మిగిలిన చక్కెర గొట్టంలోనే ఉండిపోయి, తనతో పాటు నీటినీ పట్టుకుపోతుంది. షుగర్ ఎక్కువైనవాళ్లు రాత్రి నాలుగుసార్లు లేవడం, గొంతు ఎండిపోవడం ఇందువల్లే.

ఇదే ద్వారాన్ని కావాలని మూసే మందులు ఇప్పుడు వాడకంలో ఉన్నాయి. షుగర్ ప్రిస్క్రిప్షన్లలో డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అని కనిపించేవి అవే. ఆపిల్ చెట్టు బెరడు నుంచి 1835లో రసాయనవేత్తలు వేరుచేసిన ఫ్లోరిజిన్ అనే పదార్థం వీటికి మూలం. చక్కెరను మూత్రంలోకి వదిలించడానికి తెచ్చిన ఈ మాత్రలు కిడ్నీ క్షీణతను కూడా నెమ్మదింపజేస్తాయని పెద్ద పరీక్షల్లో తేలింది. షుగర్ లేని కిడ్నీ రోగులకూ ఇప్పుడు వీటిని రాస్తున్నారు.

ఇంత శక్తి ఖర్చుపెట్టి అంతా బయటపోసి, మళ్లీ ఏరుకోవడం ఎందుకు? చెత్తను మాత్రమే పట్టుకుని పారేస్తే సరిపోదా? సరిపోదు. చెత్త ఎన్ని రకాలుగా ఉంటుందో శరీరానికి ముందుగా తెలియదు. మనిషి ఎన్నడూ తినని ఆకు రసం, నిన్న కొత్తగా తయారైన మాత్ర, వీటిని గుర్తుపట్టే ఏర్పాటు శరీరంలో ముందే ఎలా ఉంటుంది? కావలసినవాటి జాబితా మాత్రం చిన్నదే. సోడియం, చక్కెర, అమైనో ఆమ్లాలు, ఇంకొన్ని. వాటికి ద్వారాలు పెట్టుకుంటే చాలు. ద్వారం లేనిది వడగట్టినదాంట్లోకి దిగిందా, దాని మానాన అది బయటికి పోతుంది. కొన్ని మందులను, ఆమ్లాలను గొట్టం కణాలు రక్తంలోంచి పట్టి గొట్టంలోకి తోసే మాటా నిజమే, అయితే అది అదనపు ఏర్పాటు.

రిపోర్టులో ఆ ఒక్క అంకె

ఇంతకీ ఆ చెత్త ఏమిటి? ప్రధానంగా యూరియా. పప్పు, గుడ్డు, మాంసంలోని ప్రొటీన్ వాడుకోగా మిగిలే నైట్రోజన్ మొదట అమోనియాగా వస్తుంది. అమోనియా మెదడుకు విషం. కాలేయం దాన్ని యూరియాగా మార్చి రక్తంలోకి వదులుతుంది. దీనితో పాటు యూరిక్ యాసిడ్, రోజూ తిండి నుంచి పుట్టే ఆమ్లం, అవసరానికి మించిన పొటాషియం. వీటిలో త్వరగా ప్రాణం మీదికి తెచ్చేది పొటాషియం. అది పెరిగితే గుండె లయ తప్పుతుంది.

జనం నోట ఎక్కువగా వినిపించేది మాత్రం క్రియాటినిన్. దీని వెనక ఒక తెలుగువాడి పని ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ను కనిపెట్టాడు. కండరం ఒక్కసారిగా బిగుసుకోవాల్సి వచ్చినప్పుడు అప్పటికప్పుడు శక్తినిచ్చే నిల్వ అది. ఆ నిల్వలో కొంచెం కొంచెం రోజూ దానంతటదే అరిగి క్రియాటినిన్‌గా మారుతుంది. ల్యాబ్ రిపోర్టులో మనం టెన్షన్‌గా వెతికే అంకె ఆ అరుగుదలదే. గొట్టం కణాలు సోడియాన్ని తోడటానికి ఖర్చుపెట్టే ఏటీపీని కూడా వీళ్లిద్దరే 1929లో వేరుచేశారు. జర్మనీలో కార్ల్ లోమన్ అదే ఏడాది విడిగా ఆ పని చేశాడు.

క్రియాటినిన్‌తో కొలవడంలో కిటుకు ఏమిటంటే, దాన్ని గొట్టం వెనక్కి తీసుకోదు. కండరం రోజూ ఒకే తీరున తయారుచేస్తుంది, కిడ్నీ వదిలేస్తుంది. కాబట్టి రక్తంలో అది పెరిగిందంటే వడపోత తగ్గిందని అర్థం. అయితే ఇక్కడే చాలామంది పొరబడతారు. వడపోత సగానికి పడిపోతే క్రియాటినిన్ రెట్టింపు అవుతుంది. 0.7 ఉన్న సన్నటి పెద్దావిడకు అది 1.4 అవుతుంది. చూడ్డానికి కాస్తే పెరిగినట్టుంటుంది, పోయింది మాత్రం సగం కిడ్నీ. కండపుష్టి ఉన్న కుర్రాడికి 1.2 మామూలే కావచ్చు. అందుకే వయసు, ఆడ మగ తేడా కలిపి వడపోత వేగాన్ని లెక్కగట్టే ఈజీఎఫ్ఆర్ అంకెను చూడాలి. ఒంటరి క్రియాటినిన్‌ను చూసి ధైర్యపడటం గానీ, కంగారుపడటం గానీ తగదు.

మాగాయ ఊట

ఇక నీటి సంగతి. కిడ్నీ చేసే పనుల్లో ఇంత చిక్కనిది మరొకటి లేదు.

మాగాయ పెట్టేవాళ్లకు ఈ భౌతికశాస్త్రం అనుభవంతో తెలుసు. మామిడి ముక్కలకు ఉప్పు, పసుపు పట్టించి జాడీలో పెడితే మూడో రోజుకు ఊట పైకి తేలుతుంది. ఎవరూ పిండలేదు, బయట ఉప్పు ఎక్కువ ఉంది కాబట్టి ముక్కలోని నీరు అటు నడిచింది. కిడ్నీ లోపలి భాగం అలాంటి జాడీయే. నెఫ్రాన్ గొట్టం కిందికి దిగి, హెన్లీ శిక్యం అనే మలుపు తిరిగి, మళ్లీ పైకి ఎక్కుతుంది. దిగే కాలు నీటిని వదులుతుంది. ఎక్కే కాలు ఉప్పును బయటికి తోడుతుంది, నీటిని మాత్రం దాటనివ్వదు. ఎదురెదురుగా సాగే ఈ రెండు ప్రవాహాల వల్ల లోతుకు వెళ్లేకొద్దీ చుట్టూ ఉప్పదనం పెరుగుతూ, అట్టడుగున రక్తం కంటే నాలుగు రెట్లు చిక్కనవుతుంది. అక్కడి చిక్కదనంలో యూరియాకూ పెద్ద వాటా ఉంది. చెత్త అనుకున్నదాన్నే కిడ్నీ నీరు దాచుకోవడానికి వాడుకుంటోంది.

ఇప్పుడు చివరి గొట్టం, సంగ్రహణ నాళం, ఆ ఉప్పటి ప్రాంతం గుండా కిందికి వస్తుంది. దాని గోడలో నీటి తలుపులు తెరిస్తే నీరు ఊటలా బయటికి వచ్చి రక్తంలో కలుస్తుంది, మూత్రం చిక్కనవుతుంది. మూసేస్తే నీరంతా మూత్రంలో పోతుంది. ఆక్వాపోరిన్లు అనే ఈ తలుపులను కనిపెట్టినందుకు పీటర్ అగ్రే 2003లో రసాయనశాస్త్ర నోబెల్‌ను పంచుకున్నాడు.

తలుపుల తాళంచెవి మాత్రం కిడ్నీ దగ్గర లేదు, మెదడులో ఉంది. మే నెలలో రెంటచింతల ఎండలో మిరపకాయలు ఆరబోసే మనిషి సంగతి చూద్దాం. చెమటలో ఉప్పు కంటే నీరే ఎక్కువ పోతుంది, రక్తం చిక్కబడుతుంది. ఒకటి రెండు శాతం తేడా చాలు, మెదడు అడుగున ఉన్న హైపోథాలమస్ కణాలు పసిగడతాయి. ఒకవైపు దాహం పుట్టిస్తాయి, మరోవైపు వేసోప్రెసిన్ హార్మోన్‌ను వదిలిస్తాయి. అది కిడ్నీకి చేరగానే కణాల లోపల దాచి ఉన్న తలుపులు గోడలోకి వచ్చి అమరి, నీటికి దారి ఇస్తాయి. మధ్యాహ్నానికి మూత్రం ముదురు పసుపురంగులో కొద్దిగానే వస్తుంది. ఆ మనిషి రెండు చెంబుల నీళ్లు తాగితే హార్మోన్ తగ్గుతుంది, తలుపులు మళ్లీ లోపలికి వెళ్తాయి, గంటలోపే మూత్రం తేటపడుతుంది. కల్లు గానీ సారా గానీ తాగితే ఈ హార్మోన్ అణగిపోతుంది. దాహం తీరిందనుకున్న తాగుడు నిజానికి ఉన్న నీటిని పోగొడుతుంది.

ఎంత పిసినారితనం చేసినా కిడ్నీకి ఒక కనీస ఖర్చు తప్పదు. రోజూ పుట్టే చెత్తను కరిగించి పంపడానికి కనీసం అర లీటరు మూత్రం కావాలి. సముద్రపు నీళ్లు తాగి మనిషి బతకలేకపోవడానికి కారణం ఇదే. ఆ నీళ్లలోని ఉప్పును వదిలించడానికి తాగినదానికంటే ఎక్కువ నీరు కిడ్నీకి కావాలి.

ఒంట్లో నీరు ఎంత చిక్కగా ఉండాలన్నది వేసోప్రెసిన్ చూసుకుంటే, మొత్తం ఎంత ఉండాలన్నది ఉప్పు తేలుస్తుంది. 9 గ్రాముల ఉప్పు ఒంట్లో నిలిచిపోతే దాని వెంట దాదాపు లీటరు నీరు నిలుస్తుంది. కాళ్లకు నీరు దిగినవాళ్లు నీళ్లు తగ్గించి, ఆవకాయ, అప్పడం, ఎండుచేప యథాతథంగా తింటుంటే వాపు దిగదు. దాహం ఆపుకోవడమూ వాళ్ల వల్ల కాదు. ముందు తగ్గాల్సింది ఉప్పు.

ఎక్కువ నీళ్లు తాగితే కిడ్నీలు కడుక్కుపోతాయన్న నమ్మకం గట్టిది. రాళ్లు ఉన్నవాళ్లకు ఎక్కువ నీళ్లు నిజంగా మేలు చేస్తాయి, మూత్రం పలచబడితే స్ఫటికాలు కట్టవు. ఎండలో పనిచేసేవాళ్లకు నీళ్లు అందకపోవడం నిజమైన ముప్పు. నీడపట్టున కూర్చుని, దాహం లేకుండా రోజుకు ఐదారు లీటర్లు తాగడం వల్ల మాత్రం చెత్త అదనంగా పోదు, తేటనీరు పోతుంది. అంతకంటే హాని చేసే అలవాటు ఇంకొకటి ఉంది. ఒళ్లునొప్పులకని మందుల షాపులో అడిగి కొనుక్కునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీకి వచ్చే రక్తనాళాన్ని తెరిచి ఉంచే రసాయనాలను ఈ మాత్రలు అడ్డుకుంటాయి. ఎండన పడి కోత కోసి వచ్చి, నీళ్లు సరిగా తాగకుండా, రోజూ ఒక మాత్ర వేసుకుని పడుకునే కూలీకి ఇది నెమ్మదిగా సాగే దెబ్బ. షాపులో ఈ మాట చెప్పేవాళ్లు ఉండరు.

గొట్టం చెడితే

గోడ చెడితే నురుగు వస్తుంది, వాపు వస్తుంది, మనిషి అనుమానపడతాడు. గొట్టం చెడితే చప్పుడే ఉండదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో, దశాబ్దాలుగా జరుగుతున్నది ఇదే. షుగర్ లేదు, బీపీ లేదు, మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు. కొబ్బరి, జీడిమామిడి తోటల్లో రెక్కలు ముక్కలు చేసుకునే మనిషి నీరసమని రక్తపరీక్ష చేయించుకుంటే క్రియాటినిన్ అప్పటికే బాగా పెరిగి ఉంటుంది. బయాప్సీల్లో ఎక్కువగా కనిపించింది గొట్టాలకూ వాటి మధ్యనున్న కణజాలానికీ జరిగిన నష్టం. నీరు, లోహాలు, పురుగుమందులు, ఎండ, వంశపారంపర్యం అన్నిటినీ అనుమానించారు, ఇదే కారణమని ఏదీ రుజువు కాలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. అక్కడి జనానికి అది ఎంతో ఆలస్యంగా అందిన సాయం.

కిడ్నీ పూర్తిగా ఆగితే మిగిలేవి రెండు దారులు, మార్పిడి లేదా డయాలసిస్. విల్లెం కోల్ఫ్ 1943లో, జర్మన్ల ఆక్రమణలో ఉన్న నెదర్లాండ్స్‌లో, మాంసం సాసేజ్‌లకు తొడిగే సెల్లోఫేన్ గొట్టంతో, నిజంగా పనికొచ్చే మొదటి డయాలసిస్ యంత్రం కట్టాడు. ఇప్పటి యంత్రాలు ఎంత మెరుగైనా సూత్రం అదే, పలుచని పొరకు ఇటు రక్తం, అటు శుద్ధిచేసిన ద్రవం. ఒక్క విడతకే 120 లీటర్ల దాకా ద్రవం కావాలి. ఏరుకునే గొట్టం యంత్రానికి లేదు. అందుకే ఏం పోకూడదో వాటిని ద్రవంలోనే ముందుగా సరిపడా కలిపి ఉంచుతారు. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు. వారంలో 168 గంటలుంటే, యంత్రం పనిచేసేది 12 గంటలు.

మిగతా 156 గంటలూ రోగి లెక్కపెట్టుకుంటూ గడపాలి. కాఫీ, చారు, మజ్జిగ, మాత్ర మింగే గుక్కెడు నీళ్లు, అన్నీ లెక్కే. నోరు ఎండితే ఐసు ముక్క చప్పరిస్తారు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ కాబట్టి, తోటల మధ్య పుట్టి పెరిగిన మనిషి కూడా బొండం వద్దని చేయి ఊపాలి. డయాలసిస్ గదిలోకి వెళ్లగానే మొదట చేసేది కాటా ఎక్కడం. గత విడత ముగిసినప్పటి బరువుకు, ఇవాళ్టి బరువుకు తేడా రెండున్నర కిలోలుంటే, రెండున్నర లీటర్ల నీరు ఒంట్లో చేరిందని నర్సు చీటీ మీద రాసుకుంటుంది. ఆ నీటిని యంత్రం నాలుగు గంటల్లో లాగుతుంది. చివరి గంటలో పిక్కలు పట్టేస్తాయి, ఒక్కోసారి బీపీ పడిపోతుంది. పక్కన కూర్చున్న ఇంటివాళ్లు కాళ్లు పట్టుకుని మెల్లగా ఒత్తుతూ ఉంటారు.